ఆమిష్ ప్రేమ నవలలు చదివేవాళ్లు సమాజం గురించి మాట్లాడకూడదా?

పుస్తకాల_అటక
నేను ఆమిష్ ప్రేమ నవలలు చదువుతాను. మా పఠన బృందంలో ఈ సంగతి బయటపడిన నాటి నుంచి నేను ఏమి చెప్పినా నవ్వులాటే. మొన్న ఐరోపా కుటుంబ చరిత్ర మీద చర్చ జరిగింది. వారసత్వం, కట్నం, చిన్న కొడుకులకు భూమి దక్కకపోవడం, అన్నీ వచ్చాయి. నేనూ ఒక మాట అందుకున్నాను. ఒక పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని, "ఇది మీ టోపీ అమ్మాయిల కథల్లో చదివారా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

కథ ఎప్పుడూ ఒకటే, కాదనను. బుద్ధిమంతురాలైన అమ్మాయి, గుర్రపు బండి, ఊరు విడిచి వెళ్లి తిరిగొచ్చిన అబ్బాయి, మధ్యలో ఒక కుటుంబ రహస్యం, చివర నవంబరులో పెళ్లి. ముద్దు కూడా ఆఖరి అధ్యాయంలోనే. అయినా నన్ను చరిత్ర పుస్తకాల దగ్గరికి తీసుకెళ్లింది ఆ కథలే. ఫోను ఇంట్లో ఉండకూడదు, దొడ్డి చివర చిన్న గదిలో ఉండవచ్చు అని ఎవరు తేలుస్తారు? కన్నతల్లి కూతురితో ఒకే బల్ల దగ్గర భోజనం చేయకుండా ఏ నియమం ఆపుతుంది? ఇలా రెండు రకాలూ కలిపి చదివేవాళ్లు ఇక్కడ ఉన్నారా? నవలలో దేన్ని నమ్మాలో ఎలా తేల్చుకుంటారు?

గోదారి_గాలి
శివుడి మీద మూడు నవలలు రాసిన అమీష్ గారు ప్రేమకథలు కూడా మొదలుపెట్టారా? నాకు ఎవరూ చెప్పలేదే.

పుస్తకాల_అటక
గాలి గారూ, ఆయన కాదు. ఆమిష్ అంటే అమెరికాలోని పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించే క్రైస్తవ శాఖ. కారు కొనకుండా గుర్రపు బండ్లలో తిరిగేవాళ్లు. 1693లో స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల్లో యాకోబ్ అమ్మన్ అనే పెద్ద వెంట విడిపోయినవారు. పద్ధెనిమిదో శతాబ్దంలో అమెరికాకు ఓడలెక్కారు. ఐరోపాలో ఇప్పుడు వాళ్ల సంఘం ఒక్కటీ లేదు.

గోదారి_గాలి
నంది పోయి గుర్రం వచ్చిందన్నమాట. సరే, కూర్చున్నాను. చెప్పండి.

హారిస్‌బర్గ్_హైమ
నేను ఉండేది పెన్సిల్వేనియాలో, ఆమిష్‌వాళ్లు ఎక్కువగా ఉండే లాంకాస్టర్ కౌంటీకి దగ్గరలోనే. కూరగాయలకు వాళ్ల సంతకే వెళ్తాను. ముందు ఆ నవలల ముఖచిత్రాల గురించి నా కడుపుమంట చెప్పుకోనివ్వండి. లాంకాస్టర్ స్త్రీల తెల్ల టోపీ వెనకవైపు హృదయాకారంలో ఉంటుంది. ఒహాయో, ఇండియానా వైపు కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసిన టోపీ. లాంకాస్టర్ కథకు ఇండియానా టోపీ పెట్టేస్తారు. బండ్లూ అంతే. లాంకాస్టర్‌లో బూడిద రంగు, ఒహాయోలో నలుపు. మిఫ్లిన్ కౌంటీ లోయలో ఒక వర్గానికి పసుపు పైకప్పు, ఇంకొక వర్గానికి తెలుపు. ముఖచిత్రాల మీద మాత్రం ఎక్కడైనా నలుపే. ఇక కథానాయకుడు. అక్కడ పెళ్లయిన మగవాళ్లు గడ్డం పెంచుతారు, మీసం తీసేస్తారు. పెళ్లికాని కుర్రవాడు నున్నగా గీసుకుంటాడు. ముఖచిత్రం మీది కుర్రవాడికి మాత్రం సినిమా హీరోలా రెండు రోజుల గడ్డం. అతనికి పెళ్లయినట్టా, కానట్టా?

నవలల్లో నిజమేదంటే, సెలెరీ అనే కాడల ఆకుకూర. లాంకాస్టర్‌లో పెళ్లిళ్లు కోతలు అయ్యాకే, ఎక్కువగా నవంబరులో, అదీ మంగళ, గురువారాల్లో. మూడు నాలుగు వందల మందికి భోజనాలు. సెలెరీ కాడల్ని పాలతో, మీగడతో కూర వండుతారు. ఆకులున్న కాడలనే జాడీల్లో పెట్టి బల్లల మీద పూలగుత్తుల్లా నిలబెడతారు. పెళ్లి కబురు ఆదివారం ప్రార్థనలో ప్రకటించేదాకా రహస్యం. కానీ వేసవిలో ఒకరి దొడ్లో సెలెరీ వరుసలు అవసరానికి మించి కనిపిస్తే ఇరుగుపొరుగు ఊరుకుంటారా?

వేపచెట్టు
మేడ మీద రెండు మంచాల నిండా అప్పడాలు ఎండుతుంటే మా వీధివాళ్లు ముహూర్తం ఎప్పుడని అడిగినట్టు.

తర్కం_తాతారావు
కలిపి చదవండి, ఎవరు వద్దన్నారు? కానీ ఆ నవలలు రాసేదెవరో కూడా చూడండి. దాదాపు అందరూ ఆమిష్ కానివారే. 1997లో వచ్చిన ఒక నవల లక్షల ప్రతులు అమ్ముడయ్యాక ప్రచురణకర్తలకు దారి దొరికింది. పట్నంలో ఊపిరి సలపని ఆవిడకు గుర్రపు బండిలో ప్రశాంతత అమ్ముతున్నారు. అందులో ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల గోడు వినిపించదు.

1972లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు తెలుసు కదా. విస్కాన్సిన్‌లో ముగ్గురు తండ్రులు ఎనిమిది తర్వాత పిల్లల్ని బడి మాన్పించారు. ఒక్కొక్కరికి 5 డాలర్ల జరిమానా పడింది. కేసు పైదాకా వెళ్లి తండ్రులే గెలిచారు. పిల్లలు ఏమంటారో అడిగారా అని న్యాయమూర్తి డగ్లస్ ఒక్కరే పాక్షికంగా విభేదించారు. ముగ్గురు పిల్లల్లో సాక్ష్యం చెప్పింది ఒక్క అమ్మాయే. ఆ గొంతు మీద నవల వస్తే నేను కొంటాను.

కాగితం_పడవ
తాతారావు గారూ, ఆ కేసును సగమే చెప్పారు. సాక్ష్యం చెప్పిన అమ్మాయి తన విశ్వాసం ప్రకారమే బడికి వెళ్లడం లేదని చెప్పింది. అందుకే ఆమె విషయంలో డగ్లస్ కూడా తీర్పుతో ఏకీభవించారు. ఆయన అభ్యంతరం, ఎవరూ అడగని మిగిలిన ఇద్దరి గురించి.

తర్కం_తాతారావు
అడిగినప్పుడు తండ్రి ఎదురుగా కూర్చుని ఉంటే ఏ పిల్లయినా అదే చెబుతుంది.

కాగితం_పడవ
అది మీ ఊహ. తీర్పులో లేదు.

అటక గారి అసలు ప్రశ్నకు వస్తాను. బట్టలు, వంటలు, బండ్లు చాలామంది రచయిత్రులు బాగానే పట్టుకుంటారు (ముఖచిత్రాలు వేసేవాళ్లు కాదు, హైమ గారు క్షమించాలి). తేడా కొట్టేది కథానాయిక మనసులో. ఆమె పదేపదే "నా మనసు ఏమి కోరుతోంది?" అని తనను తానే అడుగుతుంది. చివరికి దేవుడితో తనకు మాత్రమే సొంతమైన అనుబంధం కుదురుతుంది, రక్షణ, అంటే పాపాల నుంచి విడుదల, దొరికిందనే నిశ్చయం కలుగుతుంది. ఇది ఆ పుస్తకాలు రాసే, అచ్చువేసే ఎవాంజెలికల్ క్రైస్తవుల భాష. పాత కట్టుబాటు ఆమిష్ సంఘంలో "నాకు రక్షణ దొరికింది" అని ఒక మనిషి ప్రకటించుకోవడం అహంకారం కిందికి వస్తుంది. వాళ్లు ఆశతో ఉన్నామంటారు, అంతే. తనను తాను తగ్గించుకోవడం, సంఘానికి లోబడటం అక్కడ పెద్ద గుణాలు. అంటే ఆ నవలలో టోపీ కింద ఉన్నది ఇరవై ఒకటో శతాబ్దపు అమ్మాయి తల. నేను ఆ నవలల్ని ఆమిష్‌వాళ్ల గురించి కాక, వాళ్లను చూసి ఆశపడుతున్న అమెరికన్ల గురించిన సమాచారంగా చదువుతాను. అలా చదివితే అవి కూడా సాంస్కృతిక చరిత్రే.

పాత_వారపత్రిక
ఈ లెక్కన డెబ్భైలలో మా ఇంటికి వచ్చిన వారపత్రికల సీరియళ్లన్నీ సాంస్కృతిక చరిత్రే. ఆరడుగుల అందగాడు, కారు, ఊటీలో అతిథి గృహం. మా అమ్మ, పక్కింటి పిన్ని శుక్రవారం కోసం కాచుకుని కూర్చునేవారు. అప్పటి మధ్యతరగతి ఆడవాళ్లకు ఏమి కావాలో, ఏమి దొరకలేదో తెలియాలంటే ఏ జనాభా లెక్కలకన్నా ఆ సీరియళ్లే నయం. కాకపోతే మన నాయిక పల్లె నుంచి మేడలోకి వెళ్లాలి, అమెరికా పాఠకురాలి నాయిక మేడ నుంచి పల్లెకు వెళ్లాలి.

పుస్తకాల_అటక
వారపత్రిక గారూ, ఈ మాట నేను దొంగిలిస్తున్నాను. పడవ గారూ, ఆ నవలల్ని ఆమిష్ స్త్రీలు కూడా కొందరు చదువుతారు. ఆశ్చర్యం కదా. వాళ్ల గురించి బయటివాళ్లు కన్న కలను వాళ్లే సాయంత్రం దీపం కింద కూర్చుని చదువుకుంటారు.

వ్యాసం_వాసు
శీర్షికలో సమాజం అన్నారు కాబట్టి దూరుతున్నాను. 1887లో జర్మన్ పండితుడు ఫెర్డినాండ్ టోనీస్ సమాజాన్ని రెండు తీరులుగా చూపాడు. ఒకటి రక్తసంబంధం, ఇరుగుపొరుగు, ఆచారం మీద నిలబడేది. రెండోది ఒప్పందాలు, లాభనష్టాల లెక్కల మీద నడిచేది. కాలంతో పాటు మొదటిది సన్నగిల్లి రెండోది బలపడుతుందని అందరూ అతని నుంచి నేర్చుకున్న పాఠం. ఆమిష్‌వాళ్లు ఆ మొదటి తీరుకు మిగిలిపోయిన చివరి నమూనా అనుకుంటాను. మ్యూజియం విలువ ఉన్నవాళ్లు.

పుస్తకాల_అటక
మిగిలిపోయినవాళ్లు కాదు వాసు గారూ, ఇక్కడే నాకు నవలలకన్నా చరిత్రే మజా ఇచ్చింది. 1920 ప్రాంతంలో అమెరికాలో వాళ్ల సంఖ్య సుమారు 5,000. ఇప్పుడు సుమారు 4 లక్షలు. దాదాపు ఇరవై ఏళ్లకు ఒకసారి రెట్టింపు అవుతున్నారు. ఇంటికి ఆరేడుగురు పిల్లలు, వాళ్లలో నూటికి ఎనభై అయిదుగురో ఇంకా ఎక్కువమందో పెద్దయ్యాక సంఘంలోనే చేరుతున్నారు. మ్యూజియంలో వస్తువులు పిల్లల్ని కనవు.

పైగా వాళ్లు పాతదాన్ని గుడ్డిగా పట్టుకుని వేలాడటం లేదు. ఒక్కొక్క వస్తువును పరీక్షించి తీసుకుంటారు. 1910 ప్రాంతంలో లాంకాస్టర్‌లో కొందరి ఇళ్లకు ఫోన్లు వచ్చాయి. ఒకే తీగ మీద పది ఇళ్లు ఉండేవి కాబట్టి చాడీలు మోసుకుపోవడం ఎక్కువైంది, గొడవలయ్యాయి. సంఘం ఇంట్లోంచి ఫోను తీయించింది. వైద్యుణ్ని పిలవాలి, సరుకు అమ్ముకోవాలి కాబట్టి కొన్నేళ్లకు దొడ్డి చివర నాలుగు ఇళ్లకు కలిపి ఒక గది వచ్చింది. ఇలా చేస్తే మనవాళ్లు ఒకరింటికి ఒకరు వెళ్లడం తగ్గుతుందా, పెరుగుతుందా అన్నదే వాళ్ల కొలత. మన ఇళ్లలో ఫోను వచ్చిన రోజున ఎవరైనా ఈ ప్రశ్న అడిగారా?

వ్యాసం_వాసు
ఆ సంఖ్యలతో నా మ్యూజియం మూతపడేలా ఉంది. కానీ ఆర్థిక వ్యవస్థ? భూమి ధరలు పెరిగితే నాలుగు లక్షల మందికి పొలాలు ఎక్కడివి?

హారిస్‌బర్గ్_హైమ
చాలాచోట్ల సగానికి పైగా మగవాళ్లకు ఇప్పుడు వ్యవసాయం లేదు. వడ్రంగం, ఇళ్ల కట్టుబడి, కుర్చీలూ బల్లలూ చేసే దుకాణాలు. ఉత్తర ఇండియానాలో ఇంకా విచిత్రం. అక్కడ బోలెడుమంది ఆమిష్ మగవాళ్లు ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు. తయారుచేసేది ఏమిటో తెలుసా? వంటగది, పడకగది అన్నీ ఉండే ప్రయాణపు మోటారు ఇళ్లు. కారు కొనకూడని మనిషి ఇంకొకరి కోసం చక్రాల మీద ఇల్లు కట్టి, సాయంత్రం సైకిలు మీదో గుర్రపు బండి మీదో ఇంటికి వెళ్తాడు. ఏ నవలలోనైనా నాయకుడు ఆ ఫ్యాక్టరీలో పనిచేయగా చదివారా? వడ్రంగి అయితేనే ప్రేమ పుడుతుంది కాబోలు.

పాలమూరు_పద్మ
మీరందరూ పెన్సిల్వేనియా దాటడం లేదు. ఆమిష్‌వాళ్ల దాయాదులు మా జిల్లాలో ఉన్నారు. మెన్నొనైట్‌లు. అమ్మన్ విడిపోయింది ఆ కుటుంబం నుంచే. అందరికీ మూలం 1525లో జూరిక్‌లో మొదలైన ఉద్యమం. పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదు, ఊహ తెలిసిన మనిషి తనంతట తాను తీసుకోవాలి అన్నారు. అందుకు వాళ్లను నీళ్లలో ముంచి చంపారు, సజీవంగా కాల్చారు. ఆ శాఖల్లో ఒకటైన మెన్నొనైట్ బ్రెదరెన్ రష్యా సామ్రాజ్యంలో 1860లో ఏర్పడింది. అక్కడి మిషనరీ దంపతులు 1889లో తెలుగు నేలకు వచ్చి నల్గొండలో పని మొదలుపెట్టారు. 1899లో అమెరికా శాఖవాళ్లు హైదరాబాదుకు వచ్చారు. తర్వాత మహబూబ్‌నగర్, శంషాబాద్, జడ్చర్ల. మా అమ్మమ్మ ఆ చర్చికే వెళ్లేది. గుర్రపు బండీ లేదు, టోపీ లేదు. నేత చీర, తల మీద కొంగు.

ఇంకొకటి. శంషాబాద్‌లో 1932లో పుట్టిన మిషనరీ బిడ్డ పాల్ హీబర్ట్ మానవ శాస్త్రవేత్త అయ్యాడు. తెలంగాణలోని ఒక ఊరి కులాలు, కట్టుబాట్ల మీద 1971లో "కొండూరు" అని ఆయన పుస్తకం వచ్చింది. ఆమిష్‌వాళ్ల మీద మనం పుస్తకాలు చదువుతున్నాం సరే, వాళ్ల దాయాది మన ఊరిని చదివి వెళ్లాడు.

గోదారి_గాలి
శంషాబాద్ అంటే విమానాశ్రయం అనుకునేవాణ్ని. ఈ చర్చ నా జోకు స్థాయి దాటిపోయింది.

వేపచెట్టు
పద్మ గారు బాప్తిస్మం మాట ఎత్తారు కాబట్టి ఆమిష్ సంఘం వేసే వెలి సంగతి మాట్లాడుకుందాం. వెలి అంటే మనకు కొత్త కాదు. కులపంచాయతీ వెలి వేస్తే నిప్పు కూడా ఇవ్వని ఊళ్లున్నాయి. అదే పని పెన్సిల్వేనియాలో చేస్తే కన్నీళ్ల ప్రేమకథ అయిపోతుందా?

పుస్తకాల_అటక
తేడా ఉంది. ఆమిష్ వెలి బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే. పద్ధెనిమిది, ఇరవై ఏళ్లు వచ్చాక, సంఘం నియమాలకు కట్టుబడతానని మోకాళ్ల మీద నిలబడి మాట ఇచ్చి, తర్వాత తప్పినవాళ్లకు. ఆ మాట ఇవ్వకముందే వెళ్లిపోతే వెలి లేదు, పండక్కి ఇంటికి వచ్చి అందరితో కలిసి తినవచ్చు. కులం మనం మాట ఇచ్చి తెచ్చుకున్నది కాదు కదా.

తర్కం_తాతారావు
పుట్టిన దగ్గర నుంచి అదే ఊరు, అదే భాష, ఎనిమిదో తరగతి, బయట ఒక్క స్నేహితుడు లేడు. అప్పుడు ఇచ్చిన మాట స్వేచ్ఛగా ఇచ్చినట్టేనా?

వేపచెట్టు
తాతారావు గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను. తేదీ రాసిపెట్టుకోండి.

డాక్టరమ్మ
వెలి వేసిన మనిషి భోజనం గురించి ఒక వివరం చదివాను. మరచిపోలేకపోతున్నాను. వెలిపడిన కొడుకు ఇంటికి వస్తే ఒకే బల్ల దగ్గర తినకూడదు. కొన్ని ఇళ్లలో రెండు బల్లలు పక్కపక్కన వేసి, మధ్య ఒక అంగుళం ఖాళీ వదిలి, పైన ఒకే గుడ్డ పరుస్తారట. నియమం తప్పలేదు, కొడుకూ దూరంగా కూర్చోలేదు. ఆ గుడ్డ పరిచింది ఎవరో తల్లి అయి ఉంటుంది.

వేపచెట్టు
అందమైన వివరమే. కానీ మా తాతగారి ఊళ్లో హోటల్లో రెండు రకాల గ్లాసులు ఉండేవి. వాటి మధ్య ఎవరూ గుడ్డ పరచలేదు. అందుకే నాకు ఆ అంగుళమే కనిపిస్తుంది.

డాక్టరమ్మ
మీరన్నది కాదనలేను.

నా వైపు నుంచి ఇంకొక సంగతి. మేనరికాల గురించి మా దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్పేటప్పుడు ఆమిష్ ఉదాహరణ వాడతాను. వాళ్లు సొంత మేనత్త, మేనమామ పిల్లల్ని చేసుకోరు. అయినా రెండు మూడు వందల మంది పూర్వీకుల నుంచి వచ్చి, బయటివాళ్లను కలుపుకోకపోవడంతో అందరూ దూరపు బంధువులే. లాంకాస్టర్‌లో పొట్టి కాళ్లూ చేతులూ, ఆరో వేలుతో పుట్టే పిల్లలు ఎక్కువగా కనిపిస్తే 1964లో విక్టర్ మెక్‌క్యూసిక్ అనే వైద్యుడు వంశవృక్షాలు తిరగేశాడు. అవన్నీ 1744లో ఓడ దిగిన ఒకే జంట దగ్గర ఆగాయి. వంశవృక్షాలు అంత శ్రద్ధగా రాసి పెట్టుకున్నవాళ్లు కాబట్టే అది తేలింది. ఇలాంటి వంశపారంపర్య జబ్బులున్న పిల్లల కోసం 1989లో పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్‌లో ఒక ప్రత్యేక వైద్యశాల వెలిసింది.

పాత_వారపత్రిక
నవలల్లో నాయిక చెల్లెలికి ఎప్పుడూ పేరు చెప్పని జబ్బు ఒకటి ఉంటుంది. ఇప్పుడు అర్థమైంది.

కాగితం_పడవ
క్షమాపణ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2006 అక్టోబరు 2న లాంకాస్టర్ కౌంటీలోని నికెల్ మైన్స్ అనే చోట ఆమిష్ బడిలో ఒక వ్యక్తి కాల్పులు జరిపి అయిదుగురు ఆడపిల్లల్ని చంపాడు, తననూ కాల్చుకున్నాడు. ఆ రోజే ఆమిష్ పెద్దలు హంతకుడి కుటుంబాన్ని ఓదార్చడానికి వెళ్లారు. అతని అంత్యక్రియలకూ వెళ్లారు. ప్రపంచం నోరు తెరిచింది. నవలల అమ్మకాలకు ఆ తర్వాతే మరింత ఊపు వచ్చింది. కానీ ఇది ఒక్క రోజులో పుట్టిన మంచితనం కాదు. వాళ్ల ఇళ్లలో "అమరుల అద్దం" అని 1660 నాటి లావు పుస్తకం ఉంటుంది. అందులో డిర్క్ విల్లెమ్స్ అనే ఖైదీ 1569లో మంచు గడ్డ మీద పారిపోతుంటే, వెంటపడిన భటుడు నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి అతన్ని లాగాడు. అందుకే దొరికిపోయాడు, సజీవంగా దహనం చేశారు. ఆ కథ వింటూ పెరిగినవాళ్లు వీళ్లు.

తర్కం_తాతారావు
ఆ క్షమకు నేనూ దండం పెడతాను. కానీ ఇంట్లోనే హింస జరిగినప్పుడు? చేసినవాడు సంఘం ముందు మోకరించి ఒప్పుకుంటాడు, ఆరు వారాలు వెలి, తర్వాత అందరితో సమానం. బాధపడిన ఆడపిల్ల క్షమించి తీరాలి, పోలీసు దాకా వెళ్తే ఆమెదే తప్పు. బయటికి వచ్చిన స్త్రీలు ఇది చెప్పారు, కేసులూ అయ్యాయి. క్షమాపణను పైనుంచి ఆజ్ఞాపించే చోట బలహీనుడే ఎప్పుడూ క్షమించాల్సి వస్తుంది.

పాలమూరు_పద్మ
ఇది ఆమిష్‌వాళ్లకే పరిమితం కాదు. మన కుటుంబాల్లో "సర్దుకుపోమ్మా" అనే మాట ఎవరికి చెబుతారో చూడండి.

పుస్తకాల_అటక
తాతారావు గారూ, మీకోసం ఒక పుస్తకం. 1940 నాటి "రోసానా ఆఫ్ ది ఆమిష్". తల్లి పోయిన ఒక ఐరిష్ పసిపాపను ఆమిష్ స్త్రీ పెంచిన కథ. రాసింది ఆ పాప కొడుకే. వెటకారంగా రాసే పట్నపు నవలలు చూసి విసుగెత్తి రాశాడు. అందులో ప్రేమ తక్కువ, పొలం పని ఎక్కువ. మీకు నచ్చుతుంది.

హారిస్‌బర్గ్_హైమ
నవల అక్కర్లేనివాళ్లకు ఒహాయోలోని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ వస్తున్న "ద బడ్జెట్" వారపత్రిక ఉంది. ఊరూరా విలేఖరులు రాసే ఉత్తరాలే అందులో వార్తలు. మొదట వాతావరణం, తర్వాత ఆదివారం ప్రార్థన ఎవరింట్లో జరిగిందో, ఎవరు నిచ్చెన మీద నుంచి పడ్డారో, ఎవరికి కొడుకు పుట్టాడో. ప్రేమ ఒక్క ముక్క ఉండదు. అయినా వదలకుండా చదివిస్తుంది.

వ్యాసం_వాసు
అధికారం గురించి ఎవరూ అడగలేదు. ఈ నియమాలన్నీ అమలు చేసే పెద్దల్ని ఎలా ఎన్నుకుంటారు?

కాగితం_పడవ
చీటీతో. సంఘంలో సభ్యులు, ఆడవాళ్లతో సహా, ఒక్కొక్క పేరు చెబుతారు. తగినన్ని మాటలు పడినవాళ్లు అభ్యర్థులు. ఎంతమంది ఉంటే అన్ని కీర్తనల పుస్తకాలు బల్ల మీద పెడతారు. ఒకదానిలో బైబిలు వాక్యం రాసిన కాగితం ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకుంటారు. కాగితం ఎవరికి వస్తే అతను బతికినంతకాలం బోధకుడు. జీతం లేదు, శిక్షణ లేదు, కాదనడానికి వీల్లేదు. కాగితం వచ్చినవాడి భార్య ఏడుస్తుందట, ఆనందంతో కాదు.

వేపచెట్టు
మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి పదవికి ఇదే పద్ధతి పెట్టాలి.

గోదారి_గాలి
మా అపార్ట్‌మెంట్‌లో ఆ పద్ధతి పెడితే, బల్ల దగ్గరికి వచ్చేది వాచ్‌మన్ ఒక్కడే.